దిండు కింద తాళంచెవి

పొద్దు వాలాక పరుపుల గది ఊడ్చి తాళం వేయడం నా పని. బూరుగు దూది చీపురుకి లొంగదు. ముందుకి తోస్తే లేచి వెనక్కి వస్తుంది. నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో మూలమూలకీ ఒత్తి తీయాలి. ముక్కుకి కొంగు కట్టుకున్నా సరే, ఇంట్లోకి వెళ్లి దగ్గితే గొంతులోంచి పోగులు వచ్చేవి. "అమ్మా, అప్పుడే నీకు తల నెరిసింది" అని నా కూతురు తస్లీమా నవ్వుతూ నా జుట్టులో దూది ఏరేది. తలుపు మూసి తాళం వేశాక ఆ చెవి తీసుకెళ్లి మా మామ దిండు కింద పెట్టేదాన్ని. ఆయన మంచంలో ఉన్నా, మసీదుకి వెళ్లినా, చెవి చోటు అదే. కాపురానికి వచ్చిన మూడో రోజున అత్త నేర్పిన పద్ధతి అది. "ఈ ఇంట్లో చెవులు మగోళ్ల కాడుంటాయి మే. నువ్వు తలుపేసినా చెవి ఆయనకే ఇయ్యాల." నేర్పినదాన్ని నేర్పినట్టు పాటించే పిల్లనని మా పుట్టింట్లో నాకు పేరుండేది. ఆ పేరు నిలబెట్టుకున్నాను.

మేం దూదేకులవాళ్లం. మార్కాపురంలో మా మామ దస్తగిరి, ఆయన నాయన, వాళ్ల నాయన, అందరూ దూది ఏకి పరుపులు కుట్టినవాళ్లే. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ రాదు. నమాజులో చదివే సూరాలు తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకుని నేర్చుకున్నదాన్ని నేను. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. ఐదు పూటల నమాజు మాత్రం ఆగలేదు. తస్లీమా పుట్టిన మూడో ఏడు నా భర్త మౌలాలి గిద్దలూరుకి పరుపుల లోడు తీసుకెళ్తూ ఆటో బోల్తాపడి పోయాడు. భర్త పోయినదానికి పెట్టే గడువు, ఇద్దత్, ముగిశాక మా అన్న వచ్చి పిలుచుకెళ్తానన్నాడు. మా మామ ఒప్పుకోలేదు. మౌలాలి పరుపులు కుట్టిన దబ్బనం తెచ్చి నా చేతిలో పెట్టి, "వాడి పని నువ్వు చెయ్యమ్మా, ఈ ఇల్లు నీదే" అన్నాడు. ఆ రోజు నుంచి పన్నెండేళ్లు కుట్టాను.

పరుపుకి గలీబు కుట్టడం, దూది నింపడం, అంచు మడిచి పురికొసతో బిగించడం, అన్నీ నేనే. తెల్లవారి వంట, అత్తకి కాళ్లు పట్టడం, బట్టలు, మధ్యాహ్నం మళ్లీ పరుపులు. నా మరిది జిలానీ బయట కుర్చీలో కూర్చుని బేరం చేసేవాడు. బోర్డు మీద కూడా 'జిలానీ పరుపులు' అనే ఉంటుంది. ఎవరైనా పరుపు నొక్కి చూసి కుట్టు బాగుందంటే, "మా వదిన ఊరికే ఉండలేక చేయి సాయం చేస్తాదిలే" అనేవాడు. నాకూ నెలకింత అని ఇవ్వమని ఒకసారి మామని అడగబోతే అత్త మధ్యలోనే అందుకుంది. "ఇంటి మనిషికి కూలేందే? రేపు నేను అన్నం వండినందుకు కూలడుగుతా, ఇస్తావా?" అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే, అత్త ఆ మాట తనకోసం కూడా అడిగిందేమో అనిపిస్తుంది.

రెండేళ్ల కింద రంజాన్ నెలలో, ఇంకాసేపట్లో రోజా విడుస్తామనగా, మామ నన్నూ తస్లీమానీ పిలిచాడు. అత్త పక్కనే కూర్చుని గంజి గిన్నెల్లోకి పోస్తోంది. "ఈ పరుపుల గది తస్లీమాకి ఇచ్చినా. నా కొడుకు బిడ్డకి ఇచ్చినా. నేను బతికుండగానే ఇచ్చినా. ఇదిగో చెవి, ఇంక నాకియ్యబాక" అన్నాడు. అత్త గరిటె ఆపి, "సరేలేయ్యా, మసీదులో బాంగు అయితాంది, ముందు ఖర్జూరం నోట్లో పెట్టుకో" అంది. తస్లీమా సిగ్గుపడి తాత భుజానికి తల ఆనించింది. ఆ రోజు గంజి ఎలా ఉందో నాకు గుర్తులేదు.

అయితే నేనేం చేశాను? మర్నాడు సాయంత్రం ఎప్పటిలాగే గది ఊడ్చాను, తాళం వేశాను, చెవి తెచ్చి దిండు కింద పెట్టాను. "నీకిచ్చినా గదమ్మా" అన్నాడు మామ. "మీ కాడుంటే ఏంది మామా, నా కాడుంటే ఏంది" అన్నాను. మంచి కోడలిని అనిపించుకోవాలనే ఆశ ఆ మాటలో ఎంతుందో నాకే తెలుసు. మామ నాలుగైదు రోజులు అన్నాడు. తర్వాత అనడం మానేశాడు. రెండేళ్లు, ఒక్క సాయంత్రం కూడా తప్పకుండా, నా బిడ్డ గదిని నేనే తీసుకెళ్లి మళ్లీ ఆయనకి ఇచ్చాను.

ఈ యేడు ఎండాకాలంలో మామ పోయాడు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక పంపకాలకి కూర్చున్నారు. మసీదు నుంచి నమాజు చేయించే హజరత్, ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మగవాళ్లు ఆ పరుపుల గదిలోనే చాప మీద కూర్చున్నారు. మేం ఆడవాళ్లం మధ్య గుమ్మం వెనక. గిద్దలూరు నుంచి ఆడబిడ్డ ఖాజాబీ కూడా వచ్చింది.

మా వంశంలో ఇలాంటిది కొత్తేం కాదు. మామ వాళ్ల పెద్దన్న తండ్రి కంటే ముందే పోతే ఆయన పిల్లలకి ఆయన భాగం తీసి ఇచ్చారు. ఊళ్లో అందరికీ ఎట్లనో మాకూ అట్లనే అన్నారట అప్పటి పెద్దలు. అదే మాట ఒక పెద్దాయన గుర్తుచేశాడు. జిలానీ ఒప్పుకోలేదు.

"అదంతా మనకేం తెలియని కాలం పెద్దాయనా. ఇప్పుడు మనం దీన్ తెలుసుకున్నోళ్లం, మన మతమేందో ఎరిగినోళ్లం. షరియతు ఏం చెప్తే అది. నాయన బతికుండగా అన్న పోయినాడు. ఇంకో కొడుకుని నేనున్నా. మనవరాలికి రాదు. అడగండి హజరత్‌ని."

హజరత్ తల వంచుకుని, "ఫిఖహ్ ప్రకారం, మన ధర్మశాస్త్రం ప్రకారం అంతే" అన్నాడు. ఆ తర్వాత, "మరి చెల్లెలుంది గదా జిలానీ, షరియతులో ఆమెకి నీ భాగంలో సగం ఉంది. మీ అమ్మకి ఎనిమిదో వంతు ఉంది" అన్నాడు.

జిలానీ గుమ్మం వైపు చూశాడు. ఖాజాబీ అన్న ముఖం చూసి కొంగు సర్దుకుంది. "నాకేం వొద్దన్నా. వచ్చినప్పుడు ఇంత ముద్ద పెట్టి, పోయేటప్పుడు చీరె పెడితే చాలు" అంది. ఆ గొంతు నాకు తెలుసు. పుట్టింటి వాకిలి మూసుకుపోకుండా ఆడపిల్ల మాట్లాడే గొంతు అది. "ఆడబిడ్డలు తీసుకోరు హజరత్, మా ఇంటి పద్ధతి అది. అమ్మది యాడికి పోతాది, నా కాడనే ఉంటాది" అన్నాడు జిలానీ. ఒక్క కూర్చోవడంలో, ఒకే చాప మీద, నా బిడ్డకి రాకుండా షరియతు వచ్చింది, చెల్లెలికి రాకుండా ఇంటి పద్ధతి వచ్చింది. ఇది నాకొక్కదానికే కనిపించిందా, అందరికీ కనిపించిందా?

అప్పుడు నేను గుమ్మం వెనక నుంచే అన్నాను. "హజరత్, మామ బతికుండగానే ఈ గది తస్లీమాకి ఇచ్చినాడు. రోజా విడిచే పొద్దు. నోటితో చెప్పి చెవి ఇచ్చినాడు."

హజరత్ ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "నోటితో ఇచ్చినా చెల్లుతాదమ్మా. కాగితం అక్కర్లేదు. కానీ ఇచ్చినోడు వదిలెయ్యాల, తీసుకున్నోళ్లు స్వాధీనం చేసుకోవాల. అప్పుడే అది ఇచ్చినట్టు. చెవి ఇచ్చినాక ఎవరి కాడుండేది?"

నాకు అబద్ధం నోటికి రాలేదు. నమాజుకి చేతులూ ముఖం కడుక్కుని వజూతో ఉన్నాను. వజూతో లేకపోయినా వచ్చేది కాదేమో.

"మామ దిండు కింద."

"ఎవరు పెట్టేవాళ్లు?"

"నేనే."

జిలానీ నెమ్మదిగా, ఏదో జాలిపడ్డట్టు, "చూసినారు గదా" అన్నాడు. హజరత్ ఇంకో దారి వెతికాడు, అది ఆయన మంచితనం. "పోనీ, నా తర్వాత బిడ్డకి ఇయ్యండి అని వసీయతుగా ఎప్పుడన్నా అన్నాడా? మూడో వంతు దాకా ఇయ్యొచ్చు. ఆ పొద్దు ఆ మాట ఎవరు విన్నారు?" నేను అత్త వైపు తిరిగాను. అత్త తస్బీహ్ పూసలు తిప్పుతూ, ఎవరినీ చూడకుండా, "నాకు గుర్తులేదు నాయనా, ముసలిదాన్ని" అంది.

ఆ పెద్దమనుషులు లేచి వెళ్లాక, హజరత్ చెప్పులు వేసుకుంటుంటే నేను వాకిట్లోకి వచ్చాను. అడగకుండా ఉండలేకపోయాను. "హజరత్, పంచుకునే చోటికి అనాథలొస్తే వాళ్లకీ అందులోంచి పెట్టమని, వాళ్లతో మంచిగా మాట్లాడమని ఖురానులో ఆయతు ఉంది. తెలుగు తర్జుమాలో చదివినా. అది షరియతు కాదా?"

"అదీ షరియతే తల్లీ. కానీ అది వాళ్ల దయకి వదిలేసినామని మన ఆలిములు, దీన్ చదివిన పెద్దలు, అంటారు" అన్నాడు. రెండో చెప్పు వేసుకుంటూ, "ఈజిప్టులో ఎప్పుడో చట్టం చేసుకున్నారు. తాత రాయకపోయినా మనవళ్లకి రాసినట్టే లెక్క. ఆలిములు కూర్చొనే చేసుకున్నారు" అన్నాడు.

"అక్కడ అల్లా వేరేనా హజరత్?"

ఆయన నొచ్చుకోలేదు. "అల్లా ఒకడే. ఇక్కడ మార్చే చెయ్యి మనది కాదేమోనని భయం. ఒకటి ముట్టుకోనిస్తే అన్నీ పీకుతారని భయం. ఆ భయంలో నీ బిడ్డలాంటోళ్లు నలుగుతున్నారు. నాకు తెలుసు" అన్నాడు. తెలిసినవాడు కూడా గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఒప్పందం ఏమిటంటే, తస్లీమా పెళ్లిదాకా మేం ఇంట్లో ఉండొచ్చు, నేను ఆ గదిలో పరుపులు కుడుతూ ఉండొచ్చు. జిలానీ దయ. ఆ దయ మీద మూడు నెలలు గడిచాయి. మా వీధిలో స్కూలు బట్టలు కుట్టే హన్నాకి ఈ సంగతి చెబితే మిషన్ ఆపి నోరు తెరిచింది. "అదేందొదినా! మా మామ కంటే ముందే మా ఆయన పోయినాడు, అయినా మా పిల్లలకి వాళ్ల నాయన వంతు వచ్చింది గదా. మేం ప్రభువును నమ్ముకున్నామని ప్రత్యేకంగా ఏం ఇయ్యలా, చట్టంలోనే ఉందంట." తర్వాత ఏదో తప్పుగా అన్నాననుకుందేమో, "మా మరిది కూడా తక్కువోడేం కాదులే, బోరు నీళ్లకి ఇప్పటికీ ఏడిపిస్తాడు" అని నవ్వించబోయింది.

అంతలో ఊళ్లో ఆ గాలి లేచింది. అన్ని మతాలకీ చట్టం ఒకటే చేస్తారట, ప్రభుత్వం తరఫున ఎవరో జనం అభిప్రాయాలు తీసుకుంటారట. శుక్రవారం జుమా తర్వాత మసీదు దగ్గర అదే మాట. ఒక పార్టీ నుంచి శిల్ప అనే అమ్మాయి ఫోను పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. నా సంగతి ఎలా తెలిసిందో. "మీ మతం మీకు చేసిన అన్యాయం మా ఛానల్లో చెప్పండి ఆంటీ, గట్టిగా చెప్పండి, ఏడ్చినా పర్లేదు" అంది. నేను మంచినీళ్లిచ్చి పంపేశాను. నా కన్నీళ్లు నా బిడ్డ కోసం. వాటితో నా నమాజు చాపని ఎవరూ తుడవనక్కర్లేదు.

జిలానీకి మసీదు కమిటీ ఒక పని అప్పగించింది. మా వీధి ఆడవాళ్ల తరఫున, ఆ చట్టం వద్దని ఉత్తరాలు సేకరించాలి. అచ్చు కాగితాలయితే విలువ ఉండదట, చేత్తో రాసినవే పంపాలట. సగం మందికి రాయడం రాదు. జిలానీ తస్లీమాని పిలిచాడు. "నీ రాత బాగుంటాది గదమ్మా, అందరివీ నువ్వే రాయి, వాళ్లు కింద వేలిముద్ర వేస్తారు." పదో తరగతి పుస్తకాలు పక్కన పెట్టి నా కూతురు కూర్చుంది. చిన్నాయన అడిగితే కాదనకూడదని నేర్పింది నేనే. ఆ గదిలోనే, కుట్టిన పరుపు మీద బోర్లా పడుకుని, అరవై కాగితాల మీద ఒకే వాక్యం రాసింది. 'మా షరియతు కింద మాకు గానీ మా పిల్లలకు గానీ ఏ అన్యాయమూ జరగలేదు. అందులో ఏ మార్పూ మాకు అక్కర్లేదు.'

నలభయ్యో కాగితం దగ్గర అనుకుంటా, తల ఎత్తకుండానే, "అమ్మా, 'మా పిల్లలకు' అంటే నేను కూడానా?" అని అడిగింది. నేను గలీబు అంచు కుడుతున్నాను. దబ్బనం వేలిలో దిగింది. "రాయి" అన్నాను. సమాధానం ఇవ్వలేదని ఆమెకి తెలుసు. మళ్లీ అడగలేదు. నా పిల్ల, పదిహేనేళ్లకే, నాలాగే అడగడం మానేయడం నేర్చుకుంటోంది. నాకు గుండె పగిలింది ఆ క్షణంలో. మామ పోయినప్పుడు కాదు, గది పోయినప్పుడు కాదు.

సాయంత్రం జిలానీ వచ్చి కాగితాలు చూసుకుని, "వదినా, నీది?" అన్నాడు.

"ఆలోచిస్తా జిలానీ."

"ఆలోచించేదానికి ఏముంది? నీకు మతమంటే ఇష్టం లేదా? ఆ పార్టీ అమ్మాయి వచ్చిపోయిందంట. నువ్వు సంతకం పెట్టలేదంటే నలుగురూ ఏమనుకుంటారు, మా ఇంట్లోనే చీలిక అనరా?" గొంతు తగ్గించాడు. "ఈ ఇంట్లో ఉండేటోళ్లందరూ ఒక మాట మీద ఉండాల. శుక్రవారానికి కావాల. లేదంటే నీ దారి నువ్వు చూసుకో. నేనేం పొమ్మనడంలేదు."

నాలుగు రోజులు నమాజు తర్వాత అలాగే కూర్చుండిపోయాను. రాస్తే గది ఉంటుంది, నా బిడ్డ తల మీద కప్పు ఉంటుంది. పైగా అందులో సగం నేను నమ్మేదే. ప్రభుత్వం వచ్చి నా దీన్‌ని దిద్దాలని నేను కోరుకోలేదు. మా పెళ్లిళ్ల గురించీ మా చావుల గురించీ టీవీలో వాళ్లు నవ్వుతూ మాట్లాడుకుంటుంటే ఛానల్ మార్చేదాన్ని నేను. కానీ ఆ కాగితం మీద మిగతా సగం అబద్ధం. అల్లా పేరు మీద అబద్ధం మీద వేలు పెట్టమంటే ఎలా పెట్టేది? చెవి ఎక్కడుండేదని అడిగినప్పుడు నిజం చెప్పి గది పోగొట్టుకున్నదాన్ని. ఇప్పుడు అబద్ధం చెప్పి అదే గదిలో ఉండడమా?

శుక్రవారం పొద్దున తస్లీమా నోటుబుక్కులోంచి కాగితం చించి నేనే రాశాను. నా రాత బాగుండదు. 'అల్లా మాట వల్ల నాకు అన్యాయం జరగలేదు. ఆ మాటలో అనాథలు ఉన్నారు. మా ఇంటి పంపకంలో లేరు. నా కూతురు తస్లీమాకి తాత ఇంట్లో భాగం లేదన్నారు, ఆడబిడ్డ భాగం ఆమె నోటితోనే వదిలించారు. దీన్ని బయటివాళ్లు దిద్దే లోపల మన ఆలిములు కూర్చుని దిద్దాలి. వేరే దేశాల్లో దిద్దుకున్నారు. దిద్దేదాకా మాకేం అన్యాయం జరగలేదని మా చేత రాయించకండి.' సంతకం పెట్టి, జిలానీ చేతికి కాదు, జుమాకి వెళ్తున్న హజరత్ చేతికే ఇచ్చాను. ఆయన అక్కడే నిలబడి చదివాడు. చదివి మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఏం చేస్తాడో నాకు తెలియదు.

నమాజు ముగిసే లోపలే ఎవరో చూసినవాళ్లు జిలానీకి చెప్పేశారు. అరవలేదు. "మంచిది వదినా" అని మాత్రం అన్నాడు. నేను అప్పటికే హన్నా వాళ్ల వెనక వసారా మాట్లాడుకున్నాను. రేకుల కప్పు, ఒక పొయ్యి గట్టు. "కుట్టేదానికి నా మిషన్ పక్కన చోటుందిలే వదినా, మీరు నమాజు చేసుకుంటే మేం టీవీ సౌండ్ తగ్గిస్తాం" అంది. తస్లీమా పుస్తకాలూ రెండు బట్టల మూటలూ ఆటోలో పెట్టించి, అత్తకి చెప్పి వద్దామని లోపలికి వెళ్లాను.

అత్త మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే అలవాటుగా కాళ్లు చాపింది. నేనూ అలవాటుగా నూనె సీసా తీసి, మంచం చివర కూర్చుని, ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకున్నాను. మధ్యాహ్నం పూట మోకాళ్లకి రాయడం పన్నెండేళ్ల వరస. కుడి మోకాలు సగంలో ఉండగా అత్త నా వైపు వంగింది.

"నాకు గుర్తుండాదే హుస్సేనమ్మా. గంజి పోస్తా విన్నా. ఇచ్చినా, ఇచ్చినా అని మూడుసార్లు అన్నాడు ఆయన."

నా చెయ్యి ఆగింది. "మరి ఆ రోజెందుకు చెప్పలేదత్తా?"

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎట్ల చెప్పేది? జిలానీకి కోపమొస్తే, ఈ వయసులో నన్నెవరు చూస్తారే?"

కుడి మోకాలు పూర్తి చేశాను. ఎడమ మోకాలికి కూడా రాశాను. పాదాలు ఒళ్లోంచి తీసి మెల్లగా మంచం మీద పెట్టి, సీసా మూత బిగించి, ఆమె చేతికి అందేచోట పెట్టి లేచాను.